వృద్ధాశ్రమానికి వెళ్లి వైద్యం చేయాలనుకునేవాళ్లకి

అమలాపురం, పాలకొల్లు వైపు ప్రైవేట్ వృద్ధాశ్రమాల్లో నేను చూసినవాళ్లలో చాలామందికి పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, నెలనెలా డబ్బు వచ్చేస్తుంది, మందులూ వచ్చేస్తాయి, కానీ అవి ఎలా వాడుతున్నారో చూసే మనిషి ఉండరు. మీరు వెళ్లి చూడాలనుకుంటే ఏడాదికోసారి క్యాంపు పెట్టి బీపీలు చూసి వచ్చేయడం వల్ల లాభం లేదు. నర్సు వారానికోసారి, డాక్టరు నెలకోసారి, ఒకే రోజున, వీలైతే ఎప్పుడూ ఒకే మనుషులు వెళ్లండి. నేను నర్సుని, బుధవారాలు వెళ్తాను. మూడో నాలుగో వారానికి గానీ వాళ్లు అసలు బాధ చెప్పరు, అప్పటిదాకా "ఆయ్, బానే ఉన్నానమ్మా" అనే అంటారు.

మొదటి రోజు మెషిన్లు పక్కన పెట్టి మందుల సంచీ తీయించండి. స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి, కంపెనీ పెట్టిన పేరు కాకుండా అసలు మందు పేరు చదవండి. ఒక మామ్మగారి బిస్కెట్ల డబ్బాలో బీపీకి వాడే ఆమ్లోడిపిన్ రెండు పేర్లతో దొరికింది, ఇద్దరు డాక్టర్లు రాసినవి, ఆవిడ రెండూ వేసుకుంటున్నారు. ఆ మందు ఎక్కువైతే పాదాలు వాస్తాయి. ఆవిడకి పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు, అడిగితే వయసు కదమ్మా అన్నారు. ఇలాంటిది కనిపిస్తే నర్సు సొంతంగా ఆపేయకూడదు, అక్కడి నుంచే డాక్టరుకి ఫోన్ చేసి, డాక్టరు చెప్పింది ఆ పెద్దమనిషి పేరున పెట్టిన నోటుబుక్కులో రాయాలి. ఆ పుస్తకం ఆశ్రమంలోనే ఉండాలి.

బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే రాత్రి బాత్రూముకి లేచినప్పుడు పడిపోయే ప్రమాదం ఉంది, డాక్టరుకి చెప్పాలి. షుగర్ 70 కంటే తగ్గి, మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇది ఆయాలకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

మంచం పట్టినవాళ్లని పక్కకి తిప్పి చూడకుండా మాత్రం రాకండి. మన ఉక్కకి రెక్సిన్ పరుపు మీద వీపు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. నడుం కింది ఎముక దగ్గర, మడమల దగ్గర ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదలండి, ఎరుపు అలాగే ఉండిపోతే బెడ్ సోర్ మొదలైనట్టే. నల్లటి చర్మం మీద ఎరుపు తెలియదు కాబట్టి వేడిగానో గట్టిగానో ఉందేమో చేత్తో తాకి చూడాలి. అక్కడ రుద్దొద్దు. రెండు గంటలకోసారి పక్క మార్చడం, పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా చూడటం ఆయాకి చేసి చూపించండి. నలుగురుండే గదైతే ముందు దుప్పటి అడ్డం పట్టించండి, పెద్దవాళ్లకి సిగ్గుండదా?

నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడుతుంటే మతిమరుపు అని వదిలేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం (ఉప్పు) తగ్గడం, మలబద్ధకం, కొత్తగా వేసిన నిద్రమాత్ర, ఏదైనా కావచ్చు, అదే రోజు డాక్టరు చూడాలి.

బరువు నెలకోసారి చాలు. పిల్లలకి వాట్సాప్‌లో ఏం పంపాలన్నా ముందు ఆ పెద్దమనిషిని అడగండి.

జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంకల (నది మధ్య ఊళ్ల) వైపు దారులు మునుగుతాయి కాబట్టి జూన్ చివరికే రెండు వారాల మందులు, ఇన్సులిన్ అదనంగా తెప్పించి ఉంచండి.

బయల్దేరే ముందు ఆయమ్మని కూర్చోబెట్టుకుని ఈ వారం ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో ఆవిడ నోటితోనే చెప్పించుకోండి. అర్ధరాత్రి ఫోన్ చేయాల్సింది ఆవిడే. చేస్తే తిడతారేమో అన్న భయం ఆవిడకి లేకుండా, "ఎప్పుడైనా చెయ్యమ్మా, నేనేమీ అనుకోను" అని చెప్పి నంబరు గోడ మీద పెద్ద అంకెలతో రాసి రండి.