మత్తు డాక్టరు అడిగేలోపే తెలుసుకుని పెట్టుకోవాల్సినవి

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి, "మీకు గానీ, మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మత్తుతో ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా?" అని అడుగుతారు. చాలామంది ఆలోచించకుండానే "లేదండీ" అనేస్తారు. అప్పటికే టెన్షన్‌లో ఉంటారు, పాత సంగతులు గుర్తుకు రావు. అందుకే ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, విన్నది కాగితం మీద రాసి పెట్టుకోండి. నన్నడిగితే మిగతా జాగ్రత్తలన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే.

పెద్ద ఆపరేషన్లలో నిద్రపుచ్చే మందుతో పాటు కండరాలను పూర్తిగా సడలించే మందు కూడా చాలాసార్లు ఇస్తారు. గొంతులోంచి శ్వాసగొట్టం సులువుగా దిగడానికీ, పొట్ట కండరాలు బిగుసుకుని సర్జన్‌కు అడ్డు రాకుండా ఉండడానికీ అది కావాలి. ఇది నిద్ర తెప్పించదు, నొప్పీ తగ్గించదు. ఊపిరి ఆడించే కండరాలను కూడా ఆపేస్తుంది కాబట్టి ఆ సేపంతా శ్వాస మెషిన్‌దే. నడుం నొప్పికి మింగే మజిల్ రిలాక్సెంట్ మాత్రలు వేరు. అవి ఎక్కువగా మెదడు, వెన్నుపాము మీద పనిచేస్తాయి. పేరు ఒకటే కావడంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

నరం చివరకూ కండరానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. నరం అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది అవతలి గట్టున, కండరం మీదున్న నికోటినిక్ రిసెప్టర్లకు అతుక్కుంటుంది. ఒక్కో రిసెప్టర్ ఐదు ముక్కలు గుండ్రంగా చేరి కట్టిన ద్వారం లాంటిది. అందులో రెండు చోట్లా ఎసిటైల్‌కోలిన్ కూర్చుంటేనే తలుపు తెరుచుకుని కండరం కదులుతుంది. వెకురోనియం, రోకురోనియం, అట్రాక్యూరియం లాంటి మందులు ఆ చోట్లలో ముందే కూర్చుని తలుపు తెరవనివ్వవు. దక్షిణ అమెరికా అడవుల్లో బాణాలకు పూసే క్యురారే విషం చేసేదీ ఇదే పని. 1942లో మాంట్రియల్‌లో దాన్నే ఆపరేషన్ మత్తులో వాడి చూశారు. సక్సినైల్‌కోలిన్ దారి వేరు. డాక్టర్లు స్కోలిన్ అనేది దీన్నే. అది తలుపు తెరిచి, మళ్లీ మామూలు స్థితికి రానివ్వదు. కండరాలు ఒక్కసారి సన్నగా అదిరి, ఆ వెంటనే సడలిపోతాయి. మర్నాడు ఒళ్లంతా నొప్పులుగా ఉంటే ఇదే కారణం కావచ్చు.

ఇంట్లోవాళ్లను అడగమన్నది ముఖ్యంగా స్కోలిన్ కోసమే. అది నిమిషంలోపే పనిచేసి, మామూలుగా పది నిమిషాల్లో దిగిపోతుంది. రక్తంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది. కొన్ని కుటుంబాల్లో ఆ ఎంజైమ్ పుట్టుకతోనే సరిగా పనిచేయదు. జీవితమంతా ఆ లోటు బయటపడకపోవచ్చు. స్కోలిన్ ఇచ్చిన రోజున మాత్రం గంటల తరబడి సొంతంగా ఊపిరి అందదు. "పెదనాన్నకు చిన్న ఆపరేషనే, కానీ సాయంత్రం దాకా మెషిన్ తీయలేదట" అని ఎవరైనా అంటే ఆ మాట తప్పకుండా మత్తు డాక్టరుకు చేరాలి. మత్తులో ఉండగా జ్వరంతో ఒళ్లు కాలిపోయి కండరాలు బిగుసుకుపోయాయన్నా, బల్ల మీదే ప్రాణం పోయిందన్నా ఇంకా ముఖ్యం. స్కోలిన్‌తోనూ, పీల్చే మత్తు వాయువులతోనూ వచ్చే ఆ ప్రమాదం కూడా వంశపారంపర్యమే. ముందే తెలిస్తే అవి లేకుండానే మత్తు ఇవ్వవచ్చు.

మీ ఒంటి సంగతులూ దాచవద్దు. పెద్ద కాలిన గాయం, పక్షవాతం, వెన్నుపాము దెబ్బ, వారాల తరబడి మంచాన పడి ఉండడం... వీటిలో ఏదున్నా రిసెప్టర్లు సందు దగ్గరే ఉండకుండా కండరమంతా పాకుతాయి. అప్పుడు స్కోలిన్ పడితే వాటన్నిటి నుంచీ పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండె ఆగిపోవచ్చు. మగపిల్లాడు ఆలస్యంగా నడక నేర్చినా, తొడల మీద చేతులు ఆనించి లేస్తున్నా చెప్పండి. బయటపడని కండర జబ్బు ఉంటే వాడికీ ఇదే ప్రమాదం. పొద్దు వాలేసరికి రెప్పలు బరువెక్కి, నమలడం కష్టమవుతుంటే అది మయస్తీనియా అనే కండరాల బలహీనత జబ్బు కావచ్చు. అందులో పనిచేసే రిసెప్టర్లే తక్కువ కాబట్టి వెకురోనియం లాంటివి కొద్దిగా ఇచ్చినా ఎక్కువైపోతాయి. ఈమధ్య పురుగుమందు చల్లి ఉంటే అదీ చెప్పాలి. కొన్ని పురుగుమందులు స్కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌నే దెబ్బతీస్తాయి.

వాడే మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, మెగ్నీషియం ఈ సడలింపును పెంచుతాయి. మూర్ఛకు ఏళ్లుగా ఫెనిటాయిన్ వాడేవాళ్లలో రోకురోనియం లాంటివి త్వరగా దిగిపోతాయి. అలాగని మూర్ఛ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు ఇంటికి వెళ్లేలోపు ఒక మాట అడగాలి: నాకు సుగమాడెక్స్ ఇచ్చారా? రోకురోనియాన్ని చుట్టుముట్టి బంధించి, సడలింపును దింపే మందు అది. మాత్రలోని హార్మోన్‌ను కూడా కొంత పట్టేస్తుంది. ఇచ్చామంటే ఒక మాత్ర మానేసినట్టే లెక్క, 7 రోజులు కండోమ్ లాంటి అదనపు జాగ్రత్త తీసుకోవాలి. ఈ సంగతి ఎవరో ఒకరు చెబుతారులే అనుకోవద్దు.

మెలకువ వచ్చాక రెప్పలు ఎత్తలేకపోయినా, రెండేసిగా కనిపించినా, మింగడం కష్టమైనా, ఊపిరి చాలనట్టున్నా వెంటనే నర్సుకు చెప్పండి. మాట రాకపోతే చెయ్యి ఊపండి. కండరాలను సడలించే మందు పూర్తిగా దిగకపోయి ఉండవచ్చు. "మత్తు కదా, ఇలాగే ఉంటుంది" అని ఓర్చుకోకండి. పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఇవి తెలుసుకుని ఉండాలి. ఆ రోజు ఏ మందుతోనైనా ఇబ్బంది వచ్చి ఉంటే, దాని పేరు డిశ్చార్జ్ కాగితంలో రాయించుకుని ఇంటికి వెళ్లండి.