బంగారం పూతతో వచ్చిన తంటా

చెన్నైలో ఎంటెక్ ప్రాజెక్టు రోజులు. డై అమ్మోనియం ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచి ఆరబెట్టిన నూలు గుడ్డ నా శాంపిల్. నిప్పు పెడితే మంట పాకదు, నల్లగా మాడి ఆగిపోతుంది. ఆ మందు పోగులకు ఎలా పట్టిందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలి.

నూలు కరెంటును పోనివ్వదు. ఛార్జి పేరుకుని బొమ్మంతా తెల్లటి చారలే. అందరిలాగే బంగారం పూత వేశాను. బొమ్మ అద్భుతం! మెలి తిరిగిన రిబ్బన్‌లాంటి పోగులు, వాటి మీద ఉప్పు రవ్వల్లా స్ఫటికాలు. కానీ శాంపిల్‌లోని ఒక్కో మూలకాన్ని దాని శక్తి దగ్గర గీతగా చూపే ఎక్స్‌రే స్పెక్ట్రంలో, ఆ మందులోని ఫాస్ఫరస్ ఎంత వెతికినా తేలదు. రెండు రోజులు గుడ్డనే అనుమానించి, మళ్లీ ముంచాను కూడా.

మా నెల్లూరు సీనియర్ చూసి నవ్వాడు. "ఒరేయ్, ఫాస్ఫరస్ గీత 2.01 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, బంగారానిది 2.12 దగ్గర. నీ బంగారమే దాన్ని మింగేసింది."

"పోనీ ప్లాటినం వేద్దామా అన్నా?"

"అది 2.05. ఇంకా దగ్గర."

కార్బన్ పూత వేశాను. గుడ్డలో ఎలాగూ కార్బన్ ఉంది, పోయేదేం లేదు. ఫాస్ఫరస్ గీత నిటారుగా లేచింది. అదే గుడ్డను నీళ్లలో జాడించి చూస్తే మళ్లీ మాయం. ఈసారి తప్పు పూతది కాదు, ఆ ఉప్పు నీళ్లలో కరిగే రకమే.