గో ఆడే ప్రోగ్రాం రాద్దాం – 4వ భాగం: ఎవరిది పైచేయి?

గో అంటే ఇద్దరు ఆటగాళ్లు బోర్డు మీద గీతలు కలిసే బిందువుల్లో వంతుల వారీగా నల్ల, తెల్ల రాళ్లు పెడుతూ ఎక్కువ చోటు దక్కించుకోవడానికి పోటీపడే ఆట. చుట్టూ ఖాళీ లేని గుంపును బోర్డు మీద నుంచి తీసేయడం, ‘కో’ నియమం (రాయిని పట్టాక వెంటనే తిరిగి పట్టి పాత స్థితినే తేకూడదు) పెట్టడం పోయిన భాగంతో అయిపోయాయి. ఇప్పుడు ప్రోగ్రాం నియమాలు తప్పదు కానీ, ఏ ఎత్తు మంచిదో దానికి తెలియదు. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది.

19×19 బోర్డులో 361 బిందువులున్నాయి, అందుకే కంప్యూటర్‌కు లెక్క తేలలేదని చాలామంది అంటారు. అది సగం నిజమే. 9×9 బోర్డులో ఉన్నవి 81. అక్కడ కూడా 2006కు ముందు ప్రోగ్రాములు మంచి ఆటగాళ్ల ముందు నిలవలేకపోయాయి. చదరంగంలో మధ్యలో ఆగి బలగం లెక్కేస్తే ఎవరిది పైచేయో సుమారుగా తెలుస్తుంది. గోలో రాళ్లన్నీ సమానమే. రాయి విలువ దాని గుంపు బతకడాన్ని బట్టి ఉంటుంది, అదేమో ఎన్నో ఎత్తుల తర్వాత గానీ తేలదు.

1993లో భౌతిక శాస్త్రవేత్త బెర్న్డ్ బ్రూగ్మాన్ వేరే దారి పట్టారు: మధ్యలో అంచనా వేయకుండా, ఆటను తోచినట్టు చివరిదాకా ఆడించేయడం. అలా వేల ఆటలు ఆడించి, ఏ ఎత్తు ఎక్కువ మేలు చేసిందో చూడటం. నాకు ఇప్పటికీ ఇది అద్భుతంగానే అనిపిస్తుంది.

మనమూ అదే రాద్దాం, 9×9 మీద. వంతుల వారీగా నియమం ఒప్పుకునే ఏదో ఒక బిందువులో రాయి పెట్టించండి. ఒక్క షరతు: తన కన్నును తానే పూడ్చుకోకూడదు. ఇది మరిస్తే బతికిన గుంపులు కూడా ఆత్మహత్య చేసుకుంటాయి, ఆట ఎప్పటికీ ముగియదు. కన్ను అంటే నాలుగు పక్కలా సొంత రాళ్లే ఉన్న ఖాళీ. ఐమూలగా ఉన్న నాలుగు బిందువుల్లో ఎదుటివాడి రాయి ఒకటి ఉన్నా ఫర్వాలేదు, కానీ బోర్డు అంచున ఒక్కటి కూడా ఉండకూడదు. ఇద్దరూ వరసగా పాస్ అంటే ఆట అయినట్టే. 243 ఎత్తులు దాటినా ఆపేయండి. అప్పటికి మిగిలేవి దాదాపు రాళ్లూ కన్నులే కాబట్టి, అవి కూడితే స్కోరు వచ్చేస్తుంది. రెండో వంతు ఆడినందుకు పరిహారంగా తెల్లకు 7.5 పాయింట్లు (దీన్నే కోమి అంటారు) కలపండి.

సరిగ్గా రాశారో లేదో చూసుకోవాలంటే, నల్ల మొదటి రాయిని బోర్డు నడుమ పెట్టి 1000 ఆటలు, మూలలో పెట్టి 1000 ఆటలు ఆడించండి. నడుమ పెట్టినప్పుడు స్పష్టంగా ఎక్కువ గెలవాలి. లేదంటే ముందు కన్ను పరీక్షను వెతకండి, తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

ఈ పద్ధతికి లాడర్ (ఒకరు ప్రతి ఎత్తుకూ పట్టేస్తానని బెదిరిస్తూ, ఇంకొకరు తప్పించుకుంటూ మెట్లుమెట్లుగా సాగే తరుముడు) చేతకాదు. అక్కడ ప్రతి ఎత్తుకూ సరైన జవాబు ఒక్కటే, తోచినట్టు ఆడేవాడికి అది వరసగా తగలదు. ఫ్రెంచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త రెమీ కూలోం 2006లో ఈ తోచినట్టు ఆడే ఆటలను వెతుకులాట చెట్టుతో (ఎత్తులను, వాటి జవాబులను కొమ్మలుగా పరిచి చూసే పద్ధతి) ఎలా కలిపారో వచ్చే భాగంలో రాసి చూద్దాం.