పికప్ బండికి సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ ఎలా ఎంచుకోవాలి?

లిఫ్ట్ కిట్, అంటే బండి ఎత్తు పెంచే భాగాల సెట్టు కోసం షాపుకి వెళ్లినవాళ్లు మొదట అడిగేది "ఎన్ని ఇంచులు లేస్తుంది?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది బండి మీద రోజూ ఎంత బరువు ఉంటుందో. బరువు తెలిస్తే స్ప్రింగు తేలుతుంది, స్ప్రింగు తేలితే షాకులు (షాక్ అబ్జార్బర్లు) తేలతాయి, ఎత్తు వాటి వెంటే వస్తుంది. ఎత్తు ఒక్కటే చూసి కొంటే ఖాళీగా వెళ్లినప్పుడు నడుము పట్టేస్తుంది, లేదంటే లోడు వేయగానే వెనక కూలబడిపోతుంది.

ఉదాహరణకి రెండు బళ్లు తీసుకుందాం. ఒకటి మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, రెండోది 2022లో ఇక్కడికొచ్చిన టయోటా హైలక్స్. రెండింటికీ ముందు కాయిల్ స్ప్రింగులతో డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకునే అమరిక), వెనక ఒకే ఇరుసు పైన కమాన్ పట్టీలు ఉంటాయి. కిట్ ఎంపిక అంతా ఈ అమరిక మీదే నడుస్తుంది.

ముందు ఆర్టీఓ సంగతి

డబ్బు కట్టకముందే ఇది తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం, చట్టం ఒప్పుకోని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అందుకే మీరు అనుకుంటున్న మార్పు రాసి ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలపండి. రేపు యాక్సిడెంట్ జరిగి క్లెయిమ్ పెట్టినప్పుడు "అందరూ వేయించుకుంటున్నారు" అన్న మాట పనికిరాదు. వారంటీ సంగతి షోరూమ్‌లో నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడిగితే మేలు.

బండిని కాటా వేయించండి

డీజిల్ ట్యాంకు నింపి, బండిలో ఎప్పుడూ ఉండే సామాను అలాగే ఉంచి లారీ కాటాకి తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే ప్లేటు మీద పెట్టి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఇంకోసారి తూకం తీయించండి. మొదటి అంకె ముందు ఇరుసు మీది బరువు, తేడా వెనక ఇరుసుది.

ఇక్కడ రోజూ ఉండే బరువునీ, అప్పుడప్పుడూ వేసే బరువునీ విడదీయాలి. ట్రాలీ మీద బిగించిన హార్డ్‌టాప్, టూల్ బాక్సు, రూఫ్ టెంటు ఎప్పటికీ దిగవు. సిమెంటు బస్తా 50 కిలోలు, యూరియా బస్తా 45 కిలోలు. పది యూరియా బస్తాలు వేస్తే 450 కిలోలు, కానీ అవి సాయంత్రానికి చేలో దిగిపోతాయి. కమాన్ పట్టీలు కంపెనీలు బరువును బట్టే అమ్ముతాయి: ఖాళీ బండికి ఒక రకం, ఎప్పుడూ 300 కిలోల దాకా ఉండే బండికి ఒకటి, అంతకు మించితే మరొకటి. నా సలహా ఎప్పుడూ ఒకటే, పట్టీల్ని రోజూ ఉండే బరువుకే ఎంచుకోండి. నెలకోసారి పడే లోడు కోసం గట్టి పట్టీలు వేయించుకుంటే మిగతా రోజులన్నీ వెనక సీట్లో కూర్చున్నవాళ్లు బాధపడాలి.

ముందు కాయిళ్లకీ ఇదే లెక్క. విదేశీ కిట్లలో చాలావాటిలో బండి ముందు ఇనుప బుల్‌బార్ (బంపరుకి బిగించే గార్డు), వించ్ (బండిని లాగే తాడు యంత్రం) ఉంటాయనుకుని చేసిన గట్టి స్ప్రింగులు దొరుకుతాయి. బుల్‌బార్లు మన దేశంలో 2017 డిసెంబరులోనే నిషేధించారు. ముందు అదనపు బరువు లేని బండికి ఆ స్ప్రింగులు వేస్తే ముక్కు పైకి లేచిపోతుంది, గతుకుల్లో స్టీరింగ్ దడదడలాడుతుంది.

ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి: గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. బ్రేకులు, ఇరుసు, ఛాసిస్ పాతవే కదా.

ఇప్పుడు టేపు తీయండి

చదునైన నేల మీద బండి ఆపి, చక్రం మధ్య బిందువు నుంచి దానికి నిటారుగా పైన ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా కలిసిపోతుంది. ఖాళీ బండికి సాధారణంగా వెనక కాస్త ఎత్తుగా ఉంటుంది, లోడు పడితే సమానం కావడానికి. వెనక ఇప్పటికే పట్టీలు చదునైపోయి ఉంటే మీకు కావాల్సింది లిఫ్ట్ కాకపోవచ్చు, కొత్త పట్టీలతోనే పని తీరిపోవచ్చు.

ఎంత ఎత్తు చాలు?

ఇలాంటి బళ్లకి 40 నుంచి 50 మి.మీ., అంటే రెండు ఇంచుల లోపు. అంతకు మించితే ముందు చక్రాలకి శక్తినిచ్చే సీవీ షాఫ్టులు ఏటవాలు ఎక్కువై, వాటి రబ్బరు బూట్ల మడతలు ఒకదానికొకటి రాసుకుని చినుగుతాయి. బాల్ జాయింట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (స్టీరింగ్‌ని నిటారుగా నిలిపే వాలు కోణం) సరిపడా రాదు. అప్పుడు చక్రాన్ని పైనుంచి పట్టుకునే అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌లు మార్చాలి, ముందు డిఫరెన్షియల్‌ని కిందికి దించే బ్రాకెట్లు వేయాలి. ఖర్చు కిట్ ధరని దాటిపోవచ్చు. అమెరికాలో మనవాళ్లు చూసే ఆరు ఇంచుల కిట్లలో ఈ బ్రాకెట్లు, చక్రాన్ని పట్టుకునే స్టీరింగ్ నకిల్స్ అన్నీ కలిసి వస్తాయి. అది వేరే స్థాయి పని.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. సస్పెన్షన్ ఎంత లేపినా వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు, ఎందుకంటే ఇరుసు చక్రాలతోనే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. 255/60 ఆర్18 టైరు ఎత్తు సుమారు 763 మి.మీ., 265/65 ఆర్18 ఎత్తు సుమారు 802 మి.మీ. తేడాలో సగం, అంటే 19 మి.మీ. దాకా మాత్రమే ఇరుసు కింద కలిసొస్తుంది. పైగా స్పీడోమీటరు 100 చూపినప్పుడు బండి 105 మీద పోతుంటుంది. నల్లరేగడి దారిలో ట్రాక్టరు చాళ్ల మధ్య గట్టుకి తగిలేది ఈ డిఫరెన్షియలే కాబట్టి, మీ బాధ అదైతే కిట్ కంటే ముందు టైర్ల గురించి ఆలోచించండి.

ఏ రకం కిట్?

చౌకగా దొరికేది స్పేసర్. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసిన భాగం) పైన పెట్టే దిమ్మ ఇది. పాత స్ప్రింగే, పాత షాకే. సుమారు 25 మి.మీ. దిమ్మ పెడితే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు లేస్తుంది, కానీ చక్రం కిందికి దిగినప్పుడు దాన్ని పట్టుకునే ఆర్మ్‌లు, బాల్ జాయింట్లు వాటి హద్దు దాకా పోతాయి. గుంటలోకి చక్రం దిగినప్పుడు 'టక్' శబ్దం దీనివల్ల రావచ్చు. ఎక్కువగా తారు రోడ్ల మీద తిరిగే బండికి చిన్న స్పేసర్ సరిపోతుందేమో గానీ, గతుకుల దారులకి నేను వద్దంటాను.

వెనక ఇరుసుకీ పట్టీలకీ మధ్య పెట్టే బ్లాకులూ అంతే. ఒకదాని మీద ఒకటి పేర్చడం ప్రమాదం. ఉన్న కట్టలో ఒక పట్టీ అదనంగా చేర్చడం బ్లాకు కంటే నయం, కానీ ఖాళీ బండి బిరుసవుతుంది. బాడీ లిఫ్ట్ సస్పెన్షన్‌ని ముట్టుకోదు, క్యాబిన్‌ని ఛాసిస్ మీద లేపుతుంది. ఈ పనికి అది అక్కర్లేదు.

నిజంగా డబ్బుకి తగ్గది పూర్తి కిట్: కాయిళ్లు, పట్టీలు, నాలుగు షాకులు ఒకదానికొకటి సరిపడేలా చేసినవి. షాకుల్లో ట్విన్ ట్యూబ్ (ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలుండే) గ్యాస్ రకం ఊరికీ పొలానికీ తిరిగే బండికి హాయిగా ఉంటుంది. మారేడుమిల్లి వైపు రాళ్ల దారుల్లో గంటల తరబడి నడిపేవాళ్లకి వేడి తట్టుకునే ఫోమ్ సెల్ (గ్యాస్ బదులు ఫోమ్ ఉండే) రకం గానీ మోనోట్యూబ్ (ఒకే గొట్టం) రకం గానీ మేలు.

డబ్బా విప్పించి చూడండి. కొత్త యూ-బోల్టులు (పట్టీలని ఇరుసుకి బిగించేవి), బుష్‌లు (రబ్బరు తొడుగులు), షాకిల్స్ (పట్టీ చివరని ఛాసిస్‌కి కలిపేవి) ఉన్నాయా? యూ-బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి, పాతవి మళ్లీ వాడకూడదు. మీ బండి మోడల్, సంవత్సరానికి సరిపోయే పార్ట్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి.

బిగించాక

మెకానిక్ బండి అప్పగించే ముందు స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి కింద కూర్చుని చూడండి: సీవీ బూట్ల మడతలు రాసుకుంటున్నాయా, బ్రేకు గొట్టాలు బిగుసుకుపోయాయా, టైరు దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ లైనర్‌కి తగులుతోందా. వెనక ఇరుసుకి లోడు చూసి బ్రేకు ఒత్తిడి సర్దే వాల్వు మీ బండికి ఉంటే, దాని కడ్డీని కొత్త ఎత్తుకి సర్దించాలి. లేకపోతే బండి ఎప్పుడూ ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులు తక్కువ పడతాయి. బుష్‌ల బోల్టుల్ని బండి నేల మీద నిలబడ్డాకే చివరిసారి బిగించాలి, జాకీ మీద బిగిస్తే బుష్‌లు మెలిపడి త్వరగా పోతాయి. అలైన్‌మెంట్ అదే రోజు చేయించి ప్రింటు తీసుకోండి. హెడ్‌లైట్లు కిందికి దింపించండి, ఎదుటివాడి కళ్లల్లో కొట్టకుండా.

500 కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ బిగించి, టేపుతో నాలుగు మూలలా మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగులు కొద్దిగా కూర్చుంటాయి కాబట్టి అంకెలు తగ్గుతాయి. ఎడమ, కుడి తేడా ఎక్కువగా కనిపిస్తే వెంటనే షాపుకి తీసుకెళ్లండి, ఎత్తు మారింది కాబట్టి అలైన్‌మెంట్ కూడా మరోసారి చూపించండి.