పరీక్ష ముందు, ప్రోగ్రాము తరువాత – మూడవ పాఠం: లక్ష దగ్గర కామా

గత పాఠంలో పైథాన్ ప్రోగ్రాములకు టెస్టులను నడిపే పైటెస్ట్ అనే సాధనాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని ఒక చిన్న టెస్టును నడిపి చూశాము. ఈసారి అభ్యాసాన్ని మన చిత్తూరు మామిడి మండీ రసీదు నుంచి తీసుకుంటున్నాను. 125000 అనే సంఖ్యను ఇస్తే, రసీదులో రాసే విధంగా 1,25,000 అని కామాలతో తిరిగి ఇచ్చే ఫంక్షన్ మనకు కావాలి.

టెస్టును ముందు, కోడ్‌ను తరువాత రాయడమే మన పద్ధతి కనుక ఫంక్షన్‌ను అప్పుడే రాయకండి. 999 ఇస్తే 999 అనే రావాలని మొదట ఒక టెస్టు రాసి నడపండి. ఫంక్షనే లేదు కనుక ఫలితం ఎర్రగా కనిపిస్తుంది, అంటే టెస్టు విఫలమైనట్టు. సంఖ్యను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, మార్చి ఇచ్చే ఒక్క వాక్యం రాయగానే ఫలితం ఆకుపచ్చబడుతుంది, అంటే టెస్టు నెగ్గినట్టు. తరువాత 1000కి 1,000 రావాలన్న టెస్టు చేర్చండి. పైథాన్ ఫార్మాటింగ్‌లో కామా పెట్టే సదుపాయం ఉంది కనుక దానినే వాడండి. ఈ టెస్టు నెగ్గుతుంది, 99,999 వరకు ఏ సంఖ్య ఇచ్చినా నెగ్గుతూనే ఉంటుంది. ఇక 100000 ఇచ్చి చూడండి. మనకు కావలసింది 1,00,000, వచ్చేది 100,000. ఆ సదుపాయం అంకెలను మూడేసి చొప్పున విడదీస్తుంది. మన లెక్కలో చివరి మూడు అంకెలను వేరుచేసి, మిగిలినవాటిని కుడి నుంచి ఎడమకు రెండేసి చొప్పున విడదీయాలి. ఆ విధంగా తిరిగి రాసి, మూడు టెస్టులూ పచ్చబడిన తరువాతనే పేర్లను సరిచేయండి, పునరుక్తిని తొలగించండి.

1990ల చివరలో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ విధానంలో భాగంగా అమెరికా ప్రోగ్రామర్ కెంట్ బెక్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో, ఎరుపును కళ్లారా చూడడమే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. తిరుపతిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక టెస్టు పేరును ‘టెస్ట్’ అన్న మాటతో మొదలుపెట్టడం మరచిపోయాను. పేరు అలా మొదలుకాని ఫంక్షన్‌ను పైటెస్ట్ తనంతట తాను టెస్టుగా గుర్తించదు. అది ఒక్కసారి కూడా నడవకుండానే, మిగిలిన టెస్టుల పచ్చదనాన్ని చూసి అంతా సవ్యంగా ఉందని వారం రోజులు నమ్మాను. మొదట అది విఫలం కావడం చూడాలని పట్టుబట్టి ఉంటే ఆ పొరపాటు నిమిషంలో బయటపడేది.

ఈ వారమంతా రోజుకు అరగంట ఇదే అభ్యాసాన్ని, నిన్నటి ఫైలు తెరవకుండా, ఖాళీ ఫైలులో మొదటి నుంచి రాయండి. సంగీతం నేర్చుకునేవారు సరళీ స్వరాలను మళ్లీ మళ్లీ పాడేది పాట తెలియక కాదు. మూడవ రోజుకు టెస్టుల వరుస మీ చేతికి అలవాటవుతుంది. అప్పుడు వరుస మార్చి, లక్షతోనే ప్రారంభించి, ఒకేసారి ఎంత ఎక్కువ కోడ్ రాయవలసి వస్తున్నదో గమనించండి.

ఆ తరువాత, రైతుకు మండీవారు ఇచ్చిన అడ్వాన్సును మినహాయించే వరుస కోసం మైనస్ 100 ఇచ్చి ఒక టెస్టు రాయండి. చాలామంది ఫంక్షన్లలో మైనస్ గుర్తుకూ 100కూ మధ్య ఒక కామా వచ్చి కూర్చుంటుంది. దానిని సరిదిద్దే పనితో నాలుగవ పాఠం మొదలవుతుంది.