బైనాక్యులర్‌లో జారిపోయిన చుక్క ఏ శాటిలైటో కనుక్కోవడం ఎలా

బైనాక్యులర్‌తో ఏదో నక్షత్రం చూస్తుంటే మధ్యలోంచి సన్న చుక్క ఒకటి తాపీగా జారిపోతుంది చూడండి, అది ఏ శాటిలైటో చాలాసార్లు తేల్చేయొచ్చు. కాకపోతే 7x50 (ఏడు రెట్లు పెద్దగా చూపించే, 50 మి.మీ. అద్దాలుండే) బైనాక్యులర్ లాంటి దాంట్లో అది కనిపించేది ఏ పది సెకన్లో, పనంతా అప్పుడే అయిపోవాలి.

ఎరుపు, ఆకుపచ్చ లైట్లుంటే విమానం. సెకనులో గీత గీసి మాయమైతే ఉల్క. నిలకడగా పోతుంటే శాటిలైట్, అదే ఒక లెక్క ప్రకారం వెలుగుతూ తగ్గుతూ పోతుంటే ఎక్కువగా పనైపోయి దొర్లుతున్న రాకెట్ ముక్క. పొద్దుగూకాక గంటా రెండు గంటలు, మళ్ళీ తెల్లవారుజామున బాగా కనిపిస్తాయి, ఎందుకంటే వాటికి సొంత వెలుగు లేదు, మనకి చీకటి పడినా అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది. నడి ఆకాశంలో ఉన్నట్టుండి ఆరిపోయిందంటే భూమి నీడలోకి వెళ్ళిందన్నమాట.

ఇక అసలు సంగతి. "ఏడున్నరకి ఉత్తరం వైపు ఏదో వెళ్ళింది" అంటే ఎవరూ చెప్పలేరు, అలా వెళ్ళేవి బోలెడు. కావాల్సింది రెండు నక్షత్రాలు, సెకన్లతో సహా టైమ్. ఉదాహరణకి అభిజిత్తు (వేగా) నక్షత్రం పక్కనే బైనాక్యులర్‌లో జంటగా విడిపోయి కనిపించే చిన్న నక్షత్రం ఉంటుంది, అభిజిత్తుకీ దానికీ మధ్యలోంచి దక్షిణానికి దూరింది, 7:42:18కి, ఇలా ఉండాలి నోట్. చేతులు రెండూ ఖాళీ ఉండవు కాబట్టి ముందే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టుకోండి, చుక్క అక్కడికి రాగానే "ఇప్పుడు" అనండి, తర్వాత గడియారం చూసి ఆ టైమ్ కూడా పైకి చదవండి, రెండిటి మధ్య తేడా వెనక్కి లెక్కేసుకుంటే సరి. స్క్రీన్ వెలుగు మాత్రం బాగా తగ్గించండి, లేకపోతే చీకటికి అలవాటైన కళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి.

తర్వాత స్టెల్లేరియం అనే ఆకాశం చూపించే యాప్‌లో అదే టైమ్ పెట్టి శాటిలైట్లు ఆన్ చేసి ఆ చోటికి జూమ్ చేయండి. హెవెన్స్-అబవ్ అనే వెబ్‌సైట్ కూడా మంచిదే గానీ అందులో రోజువారీ లిస్టు కాస్త బాగా వెలిగేవాటికే, మనం చూసే మసక చుక్కలు చాలావరకు అందులో ఉండవు. కక్ష్య డేటా ముందు అప్‌డేట్ చేయాలి, వారాల నాటిదైతే లెక్క తప్పుతుంది. దారి, దిశ రెండూ కలిసి, టైమ్ కొన్ని సెకన్లే అటూఇటూ ఉంటే అదే మీది. పేరు చివర ఆర్/బీ అని ఉంటే రాకెట్ భాగం, డెబ్ అంటే శకలం.

ఏదీ కలవకపోతే ముందు యాప్‌లో లొకేషన్, టైమ్ జోన్ చూసుకోండి, నేనొకసారి లొకేషన్ మార్చడం మర్చిపోయి రాత్రంతా లేని శాటిలైట్‌ని వెతికాను. అవీ సరిగ్గానే ఉంటే అది రహస్య మిలిటరీ శాటిలైట్ కూడా కావచ్చు, అమెరికా వాటి కక్ష్యల్ని బయటపెట్టదు, అయినా ఔత్సాహికులు ఇదిగో ఇలాగే బైనాక్యులరూ స్టాప్‌వాచీ పట్టుకుని టైమ్‌లు రాసుకుని వాటి దారులు లెక్కకట్టేస్తుంటారు.