కిడ్నీ మార్పిడి తర్వాత జ్వరమొస్తే

జ్వరం 100.4 డిగ్రీలకు చేరిందా, తెల్లారేదాకా ఆగొద్దు. మార్పిడి చేసిన ఆస్పత్రికి అప్పుడే ఫోన్ చేయండి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పి, జ్వరం తగ్గించే డైక్లోఫెనాక్ సూది అసలే వద్దు, కొత్త కిడ్నీనే దెబ్బతీస్తుంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే మందు టాక్రోలిమస్. యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్, ఫంగస్ మందు ఫ్లూకోనజోల్ వాడితే రక్తంలో అది పెరిగిపోతుంది. టీబీ మందు రిఫాంపిసిన్‌తో పడిపోతుంది. టాక్రోలిమస్ లెవెల్ పరీక్షకు రక్తం పొద్దుటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి, వేసుకొని పోతే లెక్క తప్పుతుంది.

ఇన్ఫెక్షన్లు రాకుండా కాపాడే కోట్రైమోక్సజోల్ మాత్ర సాధారణంగా 6 నుంచి 12 నెలలు ఇస్తారు. బాగానే ఉన్నాం కదా అని మధ్యలో ఆపితే నిమోనియా పట్టుకోవచ్చు.

తాగే నీళ్లు మసలిన తర్వాత ఇంకో నిమిషం పొయ్యి మీదే ఉంచండి. నల్లగొండ వైపు వాళ్లకు ఒక మాట: మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. కల్లు, పచ్చిపాలు మానాలి. గడ్డివాము పీకే పని ఇంకొకరికి అప్పజెప్పండి. ఆ దుమ్ములోని బూజు ఊపిరితిత్తుల్లో చేరుతుంది.